వెనక అట్ట మీద పెన్సిల్ రాత

పాత వాల్వు రేడియోలు బాగుచేస్తానని చెప్పగానే చాలామంది ముఖాలు మెత్తబడతాయి. "ఎంత ప్రశాంతమైన హాబీ అండీ!" అంటారు. ప్రశాంతమా, నా మొహమా! నేను ఈ విద్య నేర్చుకున్నది ఒక మనిషి పరువు తీయడానికి. సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని చెక్క పెట్టె ముందు కూర్చున్న ప్రతిసారీ నా కళ్ళ ముందు ఆ మనిషి మొహమే ఉండేది. నలుగురిలో వాడు తల దించుకోవాలి, అది నేను చూడాలి. ఐదేళ్ళకు పైగా ఆ ఒక్క కోరిక మీద బతికాను. కోపం మీద బతకడం కష్టమేమీ కాదు. ఆకలి బాగా వేస్తుంది, నిద్ర బాగా పడుతుంది.

మా ఇల్లు పటమటలో. నాన్న ఆటోనగర్‌లో బస్సులకు బాడీలు కట్టే ఒక షెడ్డులో రేకు పని చేసేవాడు. సొట్టలు పడ్డ రేకును సుత్తితో కొట్టి సాపు చేయడం ఆయన పని. అది కంటితో చేసే పని కాదని, చెవితో చేసే పని అని అనేవాడు. రేకు సరిగ్గా కూర్చుంటే సుత్తి దెబ్బ మోత మారుతుందట. కళ్ళు మూసుకుని కొడుతూ "ఇదిగో, ఇక్కడింకా లేచుంది" అని వేలు పెట్టి చూపించేవాడని షెడ్డులో వాళ్ళు మా ఇంటికొచ్చినప్పుడల్లా గొప్పగా చెప్పేవారు. నా ఇంటర్ రోజుల్లోనే అమ్మ పోయింది. ఆ తర్వాత ఇంట్లో మిగిలింది నాన్న, నేను, రేడియో.

రేడియో అమ్మ కాపురానికి రాకముందు నుంచీ ఉంది. చెక్క పెట్టె, ముందు గోధుమరంగు గుడ్డ, గుడ్డ పైన ఒక పచ్చ కన్ను. స్విచ్ వేయగానే పలికేది కాదు. లోపల వాల్వులు వేడెక్కడానికి నిమిషం పట్టేది, ఆ నిమిషంలో కాలిన దుమ్ము వాసన గదంతా వచ్చేది. స్టేషన్ సరిగ్గా తగిలితే పచ్చ కన్నులో ఉన్న నల్ల చీలిక మూసుకుపోయేది. రోజూ పొద్దున్న ప్రాంతీయ వార్తలు. ఆదివారం చర్చి నుంచి వచ్చి, భోంచేసి, షార్ట్‌వేవ్‌లో సముద్రం అవతలి నుంచి వచ్చే బైబిలు వాక్యం. ఆ అరగంట నాన్న కుర్చీ వైపు ఎవరూ వెళ్ళకూడదు. నా నోటికి తాళం పడేది కూడా వారంలో ఆ అరగంటే.

నా నోటి గురించి ఇక్కడే చెప్పేయాలి. నేను ప్రశ్న అడిగి జవాబు కూడా నేనే చెప్పుకునే రకం. "నాన్నా అన్నం తిన్నావా, తినే ఉంటావులే, పప్పులో ఉప్పెక్కువైంది కదా, నాకు తెలుసు, పొద్దున్న హడావుడిలో రెండుసార్లు వేసుంటాను" అని ఊపిరి తీసుకోకుండా అనేసి వంటింట్లోకి పోయేదాన్ని. నాన్న నవ్వేవాడు. ఎదుటి మనిషి నోరు తెరిచేలోపు నా మాట అయిపోవాలి, అదీ నా పద్ధతి.

నేను డిగ్రీ చివరి ఏడు చదువుతుండగా నాన్న రేడియోలో సౌండ్ తగ్గిపోయిందని మొదలుపెట్టాడు. పరీక్షలకు చదువుకునే పిల్లకి ఇంట్లో ఏ మోతైనా ఎక్కువే అనిపిస్తుంది కాబట్టి నేను పట్టించుకోలేదు. రేడియోను దుప్పట్లో చుట్టి, రిక్షాలో ఒళ్ళో పెట్టుకుని, గవర్నర్‌పేటలో ఉన్న రేడియో మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆ మెకానిక్‌ను ఊరంతా మాస్టారు అనేవారు. నేను 'వాడు' అనేదాన్ని. అప్పుడు ఎలా అన్నానో ఇక్కడా అలాగే రాస్తున్నాను.

మూడుసార్లు తీసుకెళ్ళాడు, మూడుసార్లు తెచ్చాడు. నాలుగోసారి ఖాళీ దుప్పటి మడిచి చంకలో పెట్టుకుని వచ్చాడు.

"రేడియో ఏది?" అన్నాను.

"పోయిందమ్మా. ఇక పనికిరాదన్నాడు. దాని వాల్వులు ఇప్పుడు రావడం లేదంట. అక్కడే ఉంచేశాను."

"ఉంచేయడమేంటి? పోయినా మన రేడియో మనకుండాలి కదా?"

"వదిలెయ్" అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఆ రోజు నుంచి నాన్న మాట్లాడటం తగ్గించేశాడు. పిలిస్తే పలికేవాడు కాదు. ఏదైనా చెబుతుంటే నా మొహం వైపే చూస్తూ ఉండేవాడు, చివర్లో తల ఊపేవాడు. చర్చిలో వెనక బల్ల మీద కూర్చునే మనిషి మొదటి వరుసకు మారాడు. రేడియో పోయిన దిగులని నేను తేల్చేశాను. నా తండ్రి నోరు మూయించినవాణ్ణి ఊరికే వదులుతానా? అలా తేల్చుకున్న మర్నాడే గవర్నర్‌పేట వెళ్ళాను.

కొట్టు సన్నగా, పొడుగ్గా ఉంది. అప్పటికే సగం టేపురికార్డర్లు, టీవీలు. నాన్న రేడియో అన్నిటికన్నా పై అరలో, దుమ్ము తుడిచి, నీటుగా పెట్టుంది. మోచేతి దాకా మడిచిన చొక్కా, మెడలో దారానికి వేలాడే కళ్ళద్దాలు, చెవి మీద పెన్సిల్. అదీ వాడు.

"ఆ రేడియో ఇచ్చేయండి. మాది" అన్నాను.

వాడు నన్ను తేరిపార చూశాడు. "మీ నాన్నగారు వచ్చి అడిగితే ఇస్తానమ్మా."

"నేనడిగితే ఇవ్వరా?"

"నాన్నగారు రావాలి" అని మళ్ళీ పనిలో పడిపోయాడు.

ఒళ్ళు మండిపోయింది. పనికిరాని పెట్టె అన్నాడు కదా, మరి పనికిరానిదాన్ని పై అరలో ముద్దుగా ఎందుకు పెట్టుకున్నట్టు? ఇంటికొచ్చి నాన్నను లేవమన్నాను, వచ్చి అడగమన్నాను, కాళ్ళ మీద పడ్డంత పని చేశాను. నాన్న కదల్లేదు. వీడేదో మాయమాటలు చెప్పి మా నాన్న దగ్గర సెట్టు కాజేశాడని ఆ రోజే నాకు ఖాయమైపోయింది. సరే, నీ పని నేనే పడతాను, నీ విద్యతోనే పడతాను అనుకున్నాను.

డిగ్రీ అయ్యాక ఒక కాలేజీలో ఫిజిక్స్ ల్యాబ్ అసిస్టెంట్‌గా చేరాను. సోల్డరింగ్ ఐరన్, మీటరు చేతికందాయి. ఏలూరు రోడ్డు పాత పుస్తకాల కొట్లలో వెతికి, చెదలు సగం తిన్న ఒక రేడియో రిపేరు పుస్తకం పట్టుకున్నాను. మిగతాది వన్‌టౌన్‌లో పాత ఎలక్ట్రికల్ సామాను అమ్మే సాయిబుగారు నేర్పారు. వాల్వుల్ని గోనెసంచీలో వేసి అమ్మేవారాయన. ఆడపిల్ల రేడియో లోపల చెయ్యి పెడతానంటే నవ్వని మొదటి మనిషి ఆయనే.

"ఎడం చేత్తో చున్నీ కొస పట్టుకోమ్మా. రెండు చేతులూ లోపల పెట్టావంటే కరెంటు గుండెలోంచి పోద్ది" అన్నారు. ఇప్పటికీ నా చున్నీలన్నిటికీ ఎడమ కొస నలిగిపోయే ఉంటుంది.

ఈ పనిలో ఒక ఆచారం ఉందని చెప్పింది కూడా ఆయనే. సెట్టు విప్పిన ప్రతి మెకానిక్కూ దాని వెనక అట్ట లోపలి వైపు పెన్సిల్‌తో రెండు ముక్కలు రాసిపెడతాడు. తేదీ, వచ్చిన కంప్లయింట్, తను చేసిన పని. తర్వాత విప్పేవాడి కోసం. "అట్ట మీద మాత్రం ఎవడూ అబద్ధం రాయడమ్మా. రాస్తే మళ్ళీ వాడికే తిప్పలు" అన్నారు సాయిబుగారు.

ఆ ఆచారమే నాకు ఆయుధమైంది. చర్చిలో, స్టాఫ్ రూములో, బస్సులో పక్క సీటావిడ దగ్గర కూడా ఒకటే మాట చెప్పేదాన్ని: గవర్నర్‌పేట మాస్టారు పనికిరాదన్న రేడియో మీ ఇంట్లో ఉంటే నాకివ్వండి, ఊరికే బాగుచేసి ఇస్తాను, కాకపోతే ఒక షరతు. అది పనికిరాదన్నది ఎవరో, పలికించింది ఎవరో అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పాలి.

మొదటిది ఉయ్యూరు దగ్గర ఒక చెరకు రైతుగారి ఇంటి నుంచి వచ్చింది. అట్ట విప్పితే వాడి రాత. గుండ్రటి అక్షరాలు, అచ్చు గుద్దినట్టు. 'ట్రాన్స్‌ఫార్మర్ కాలింది. దొరకదు. రిటర్న్.' ఆ రాత చూడగానే పళ్ళు పటపట కొరికాను. లోపల ఎలుకలు కాపురం పెట్టి డయల్ దారం కొరికేశాయి. దాని బదులు చేపలు పట్టే గాలపు తాడు వేశాను. ట్రాన్స్‌ఫార్మర్ కోసం వన్‌టౌన్ చుట్టూ నాలుగు నెలలు తిరిగాను. చివరికి ఒక రోజు స్విచ్ వేస్తే నిమిషం దాకా ఏమీ లేదు, ఆ తర్వాత చిన్న గుర్రుమనే చప్పుడు, దానిలోంచి మెల్లగా ఒక ఆడమనిషి గొంతు, వరి ధర గురించి. నేను ల్యాబ్‌లో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆ ఒక్క క్షణం వాడు గుర్తు రాలేదు. మరుక్షణం వచ్చాడు. అట్ట మీద వాడి రాత కింద నా రాత రాశాను: 'దొరికింది. పలికింది.' రాసి, కింద రెండు గీతలు కూడా గీశాను.

అలా చాలా చేశాను. వాడి రాత ఉన్న సెట్టు చేతికొస్తే నాకు పండగే. ఒక్కో రేడియో వాడి పేరుకి ఒక్కో సొట్ట అనుకునేదాన్ని. సాయిబుగారు నన్ను చూడగానే "ఇవాళ కోపం ఎన్ని ఓల్టులమ్మా?" అని నవ్వేవారు. ఒకసారి మాత్రం నవ్వకుండా, "ఆయన రాసిందాంట్లో తప్పేముందమ్మా, అప్పుడు దొరక్కే రాశాడు కదా" అన్నారు. నేను వినలేదు.

పామర్రులో ఒక రిటైర్డ్ టీచరుగారి రేడియో బాగైన రోజు, ఇక చాలు, ముహూర్తం ఇదే అనుకున్నాను. టీచరుగారినీ రేడియోనూ ఆటోలో ఎక్కించుకుని సరాసరి గవర్నర్‌పేట కొట్టు ముందు దిగాను. శనివారం, పదకొండు గంటలు, కొట్టు నిండా జనం. రేడియో తెచ్చి వాడి బల్ల మీదే పెట్టి, వాడి ప్లగ్గులోనే పెట్టి, స్విచ్ వేశాను. నిమిషం ఆగింది. పలికింది. పక్కన టీకొట్టు దగ్గరున్నవాళ్ళు కూడా లేచొచ్చారు.

"దీన్ని పనికిరాదన్నది ఎవరండీ?" అన్నాను, అందరికీ వినపడేలా.

టీచరుగారు ఇబ్బందిగా వాడి వైపు చూశారు. వాడు లేచి, పెట్టె మీద చెయ్యి ఆనించి, తల వంచి విన్నాడు. "గుర్రుమనే హమ్ కూడా లేదు. బాగా చేశావమ్మా" అన్నాడు.

నాకు కావలసింది మెప్పు కాదు. వాడు చేతులు పిసుక్కోవాలి, తడబడాలి. అదేమీ జరగలేదు కాబట్టి నోటికొచ్చిందంతా అనేశాను. "బాగా చేయడం కాదు. ఇట్టాగే ఎందరి దగ్గర పనికిరాదని చెప్పి సెట్లు నొక్కేశావు? మా నాన్న రేడియో నొక్కేసి పైన బొమ్మలా పెట్టుకున్నావు చూడు! దొంగవి నువ్వు. ఆ పెద్దమనిషి దిగులుతో మాటాడ్డం మానేశాడు, తెలుసా నీకు?"

తండ్రి వయసు మనిషిని నలుగురిలో నువ్వు అన్నాను, దొంగ అన్నాను. వాడు నోరు తెరిచాడు. పై అరలో ఉన్న నాన్న రేడియో వైపు చూశాడు. మళ్ళీ నోరు మూసుకుని, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ కూర్చున్నాడు. జనంలో గుసగుస మొదలైంది. టేపురికార్డర్ ఇవ్వడానికొచ్చిన ఒకాయన దాన్ని మళ్ళీ సంచీలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. అది నేను కళ్ళారా చూశాను. ఇంటికొచ్చి పాయసం వండుకుని తిన్నాను. నాన్నకు కూడా పెట్టి, ఎందుకో చెప్పాను. ఎప్పటిలాగే వేగంగా, పొయ్యి వైపు తిరిగి చెప్పాను. నాన్న పాయసం బాగుందన్నాడు.

ఆ తర్వాత ఏడాది తిరక్కుండానే సాయిబుగారి చేత కబురొచ్చింది. మాస్టారు కొట్టు తీసేస్తున్నారట, అక్కడ సెల్‌ఫోన్ల కొట్టు వస్తుందట, సాయంత్రానికి తాళాలు ఇచ్చేయాలట, నాన్నగారిని ఒకసారి పంపమన్నారట. నాన్న అప్పటికి పని మానేసి ఇంట్లోనే ఉంటున్నాడు. ఆయనకు చెప్పలేదు. వాడి ఖాళీ కొట్టు నా కళ్ళతో నేనే చూడాలి కదా, నేనే వెళ్ళాను.

అరలన్నీ ఖాళీ. నాన్న రేడియో ఒక్కటే, ఏదో పాత దుప్పట్లో చుట్టి బల్ల మీద ఉంది.

"నాన్నగారు రాలేదా?" అన్నాడు.

"నేనొచ్చాను. ఇస్తావా, ఇవ్వవా?"

దుప్పటి కొసలు లోపలికి దోపాడు. "ఇంకెక్కడా పెట్టే చోటు లేదమ్మా. తీసుకెళ్ళి నాన్నగారి చేతికే ఇవ్వు. అట్ట మాత్రం విప్పకు."

విప్పకు అన్నాడంటే విప్పి తీరాల్సిందే. ఇంటికొచ్చేసరికి నాన్న వీధి చివర టీకొట్టు దగ్గరున్నాడు. పాతచోటే, కిటికీ పక్క బల్ల మీద పెట్టి ప్లగ్గు పెట్టాను, లోపల ఏమేం పోయాయో చూద్దామని. నిమిషం గడిచింది. పచ్చ కన్ను వెలిగింది. ప్రాంతీయ వార్తలు, మధ్యాహ్నంవి, గంట కొట్టినట్టు! ఒక్క గుర్రు లేదు, ఒక్క గరగర లేదు. సెట్టు బాగుంది! ఇన్నేళ్ళూ బాగానే ఉంది! పనికిరాదని మా నాన్నకు అబద్ధం చెప్పి అట్టిపెట్టుకున్నాడు. సాక్ష్యం దొరికింది, వీణ్ణి ఇక ఊరు దాటనివ్వను అనుకుంటూ స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, అట్ట మరలు విప్పాను.

గుండ్రటి అక్షరాలు, వరసగా, ఒకదాని కింద ఒకటి.

'కంప్లయింట్: సౌండ్ తక్కువ. చూశాను. సెట్టు బాగుంది.'

'మళ్ళీ సౌండ్ తక్కువ. వాల్వు మార్చి చూశాను. తేడా లేదు. సెట్టు బాగుంది.'

'మళ్ళీ. ఫుల్లు పెట్టి వినిపించాను. వినపడలేదన్నారు. లోపం సెట్టులో లేదు.'

'ఆయనకి తెలిసింది. వినపడదని తెలిస్తే షెడ్డులో ఉంచరట. పాప చదువు అవాలట. ఇంట్లో చెప్పొద్దన్నారు. సెట్టు పోయిందని చెప్పమన్నారు. ఆయన అడిగితేనే ఇవ్వాలి.'

దాని కింద ఇంకా ఉన్నాయి. 'వెలిగించి చూశాను. బాగుంది.' 'కండెన్సర్ మార్చాను. బాగుంది.' 'వెలిగించి చూశాను. బాగుంది.' ప్రతి ఏడూ రెండు మూడుసార్లు. వాడకపోతే ఈ సెట్లు పాడైపోతాయి. ఊపిరి పోకుండా కాపాడుతూ వచ్చారు. తేదీలు చూశాను. వాటిలో ఒకటి నేను ఆయన్ని దొంగ అన్న మర్నాటిది. అదే రాత, అవే గుండ్రటి అక్షరాలు. 'వెలిగించి చూశాను. బాగుంది.'

అంత జనం ముందు ఆయన ఒక్క మాట అంటే సరిపోయేది. మీ నాన్నకు చెవుడమ్మా అంటే చాలు, నేనక్కడే కూలిపోయేదాన్ని. నోరు తెరిచి కూడా మూసుకున్నారు. నేను ఒకే ఇంట్లో ఉండి, రోజుకు వంద మాటలు విసిరి, ఒక్కదానికైనా జవాబు కోసం ఆగలేదు. ఆగి ఉంటే తెలిసేది. ఐదేళ్ళు పెంచుకున్న కోపం ఇప్పుడెక్కడ పెట్టాలో తెలియలేదు. నా చెంప మీద నేనే కొట్టుకున్నాను, నిజంగానే, గట్టిగా.

నాన్న లోపలికి వచ్చాడు. రేడియోను చూశాడు, నా చేతిలో అట్టను చూశాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఆయన చెప్పాడా?" అన్నాడు.

లేదని తల ఊపి, అట్ట చూపించాను. నాన్న దాన్ని పైనుంచి కిందికి చదివి బల్ల మీద పెట్టాడు. నేను మళ్ళీ ప్లగ్గు పెట్టాను. పచ్చ కన్ను వెలగగానే నాన్న వచ్చి పెట్టెకు అరచెయ్యి ఆనించాడు. ఆయన మొహం విప్పారింది.

"నాన్నా, నేనాయన్ని నలుగురిలో దొంగ అన్నాను" అన్నాను.

"ఏంటమ్మా?"

తల వంచుకుని చెప్పాను కదా, అదీ తప్పే. నాన్నకు ఎదురుగా వెళ్ళి, మొహం ఎత్తి, మళ్ళీ చెప్పాను.

"ఏంటీ? గట్టిగా చెప్పు."

"దొంగ అన్నాను నాన్నా! ఆయన్ని దొంగ అన్నాను! కొట్టు ముందు, అందరిలో!" అని అరిచాను. ఎదురింటావిడ "ఎక్కడే దొంగ, ఎక్కడా?" అంటూ మా గేటు దాకా పరిగెత్తుకొచ్చింది. నేను ఆవిడ ముందే ఇంకోసారి చెప్పాల్సి వచ్చింది, ఎందుకంటే నాన్నకు ఇంకా సగమే అర్థమైంది. దొంగ అన్నది ఎవరినో, కొట్టు ఎందుకు ఖాళీ అవుతోందో, సాయంత్రానికి తాళం వేసేస్తారన్నదీ, అన్నీ, ఒక్కొక్క ముక్క, ఆగి ఆగి, జవాబు వచ్చేదాకా చూసి చూసి చెప్పాను. నా జన్మలో అంత నెమ్మదిగా ఎప్పుడూ మాట్లాడలేదు.

నాన్న చాలాసేపు పెట్టె మీద నుంచి చెయ్యి తీయలేదు. తర్వాత చిలక్కొయ్యకున్న చొక్కా తీసి తొడుక్కున్నాడు.

"పదమ్మా. తాళం వేసేలోపు వెళ్దాం. నాకు చెప్పినట్టే ఆయనకీ చెప్పు, అంత గట్టిగానూ" అన్నాడు.

చెప్పులేసుకుని బయల్దేరాం. రేడియో కట్టేయడం ఇద్దరికీ తోచలేదు. వీధి మలుపు తిరిగేదాకా అది వినపడుతూనే ఉంది, నాకు.